గోచాలా ట్రెక్‌కి బ్యాగు సర్దడం: చలి సంగతి తర్వాత, ముందు తడి సంగతి

హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో మొదటిసారి హిమాలయాలకి ట్రెక్కింగ్‌కి బయల్దేరేవాళ్ల బ్యాగు విప్పి చూస్తే సగం బ్యాగు చలి భయంతోనే నిండి ఉంటుంది. రెండు ఉన్ని స్వెట్టర్లు, ఎప్పుడో సరదాపడి కొన్న లెదర్ జాకెట్, ఇంట్లోవాళ్లు బలవంతంగా కుక్కిన శాలువా, మంకీ క్యాపు, వీటికి తోడు మూడు జీన్స్, ఒక టర్కీ టవల్. తూకం వేస్తే పద్నాలుగు పదిహేను కిలోలు. ఇంత మోసుకెళ్లిన మనిషే మూడో రోజు రాత్రి టెంట్‌లో పళ్లు కటకటలాడిస్తూ కూర్చుంటాడు, ఎందుకంటే తెచ్చినవాటిలో పొడిగా ఉన్నది ఒక్కటీ మిగల్లేదు.

చలి కొండ మీద ఉంటుంది. దానికంటే ముందు అడవి దాటాలి. ఆ అడవిలో బట్టలు ఏ గతి పట్టాయో దాన్ని బట్టే పైన రాత్రులు గడుస్తాయి. ఈ లెక్క బాగా తెలిసొచ్చే దారి సిక్కింలోని గోచాలా.

నడక మొదలయ్యే యుక్సోమ్ ఊరు సుమారు 1,780 మీటర్ల ఎత్తులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండలు, అంటే అల్లూరి సీతారామరాజు జిల్లా వైపు తూర్పు కనుమల్లోవి, 1,700 మీటర్లు దాటవు. మన దగ్గర కొండ కొస ఎక్కడ అయిపోతుందో అంతకంటే పైన ఇక్కడ మొదటి అడుగు పడుతుందన్నమాట. అక్కడినుంచి సాచెన్, బాఖిమ్ మీదుగా దాదాపు 3,000 మీటర్ల దగ్గరున్న చోకా దాకా అంతా దట్టమైన, ఎప్పుడూ చెమ్మగా ఉండే అడవి, వాగుల మీద వేలాడే వంతెనలు, నాచు పట్టిన రాళ్లు. చోకా దాటాక రోడోడెండ్రాన్ చెట్లు, బురదలో పరిచిన దుంగల మీద నడక. ఆ తర్వాత జోంగ్రి, సుమారు 4,000 మీటర్లు, చెట్లు ఉండవు, గాలికి అడ్డమూ ఉండదు. ఆపైన తాన్‌సింగ్, లాముని, చివరి రోజు తెల్లవారుజామున రెండు మూడు గంటలకి లేచి దాదాపు 4,600 మీటర్ల దగ్గరున్న వ్యూ పాయింట్. గోచాలా కనుమ అసలు ఎత్తు 4,940 మీటర్లు, కానీ చాలా బృందాలు మొదటి వ్యూ పాయింట్ నుంచే కాంచన్‌జంగాని చూసి వెనక్కి తిరుగుతాయి. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సుల వాళ్లు కూడా యుక్సోమ్ నుంచి జోంగ్రి దాకా ఈ దారినే వెళ్లి చౌరీఖాంగ్‌లోని తమ బేస్ క్యాంపు వైపు మళ్లుతారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ తీసుకున్నది ఆ సంస్థలోనే.

ఇప్పుడు లెక్క. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి వాతావరణం సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. యుక్సోమ్‌కీ ఆ మొదటి వ్యూ పాయింట్‌కీ తేడా దాదాపు 2,800 మీటర్లు, అంటే పద్దెనిమిది డిగ్రీలు. కింద మధ్యాహ్నం 20 ఉంటే పైన అదే సమయానికి 2. తెల్లవారుజామున అయితే సున్నా కిందికే, దానికి గాలి అదనం. మనవాళ్లకి చలి అంటే లంబసింగి. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది కాబట్టి ఆ చలి చూశాం, ఇదెంత అనుకుంటారు. లంబసింగిలో కారు దిగి, టీ తాగి, మంచులో నాలుగు ఫొటోలు దిగి మళ్లీ కారెక్కుతాం. ఇక్కడ అదే చలిలో తినాలి, పడుకోవాలి, అర్ధరాత్రి టెంట్ జిప్ తీసుకుని బయటికి వెళ్లాలి, అదీ వరసగా నాలుగైదు రాత్రులు.

మొదటి రోజుల్లో చలి అన్న మాటే రాదు, ఏకంగా ఉక్క పోస్తుంది. బాఖిమ్ వైపు ఎక్కుడు దారిలో వీపుకి బ్యాగు అంటుకుని ఉంటుంది, గాలాడదు, నడక మొదలైన ఇరవై నిమిషాలకే టీషర్టు వీపు భాగం పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. పొద్దున యుక్సోమ్‌లో చల్లగా ఉందని వేసుకున్న జాకెట్ విప్పడానికి బద్ధకించి అలాగే నడిచేవాళ్లకి ఆ జాకెట్ లోపలి పొర కూడా తడిసిపోతుంది. తర్వాత ఒక మలుపులో అందరూ ఆగుతారు. బండ మీద కూర్చుని బ్యాగు దింపుతారు. అప్పటిదాకా బ్యాగు కప్పి ఉంచిన తడి వీపుకి ఒక్కసారి గాలి తగులుతుంది. రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, అయిదో నిమిషానికి భుజాలు ముడుచుకుంటాయి, పదో నిమిషానికి ఇక నడుద్దాం పదండి అని ఎవరో ఒకరు అంటారు. గాలితో పోలిస్తే నీరు దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. తడి బట్ట ఆవిరవుతూ ఇంకాస్త వేడి పట్టుకుపోతుంది. సాయంత్రం చోకా చేరేసరికి పొగమంచు కమ్ముకుంటే ఆ టీషర్టు ఆరే అవకాశమే లేదు. పైగా ఈ దారంతా కాంచన్‌జంగా నేషనల్ పార్కులోది, దాని లోపల కట్టెలు కొట్టడం, కాల్చడం నిషేధం, కాబట్టి మంట వేసి చుట్టూ బట్టలు ఆరబెట్టుకుందాం అన్న ఊహ ఇంటి దగ్గరే వదిలేయాలి.

కాటన్ మీద మనకున్న మమకారం ఇక్కడే దెబ్బ కొడుతుంది. మన ఎండలకి కాటన్‌ని మించింది లేదు, నిజమే, ఎందుకంటే అది చెమట పీల్చి మెల్లగా చల్లబరుస్తుంది. మే నెల విజయవాడలో వరమైన ఆ గుణమే చోకాలో శాపం. నూలు దారం నీటిని తనలోకి తీసుకుని వదలదు. పాలియెస్టర్ దారం దాదాపుగా పీల్చుకోదు, నీరు దారాల సందుల్లో మాత్రమే ఉంటుంది కాబట్టి ఒంటి వేడికే గంటా గంటన్నరలో ఆరుతుంది. షాపుల్లో డ్రైఫిట్ అని అమ్మేది ఇదే. క్రికెట్ ఆడటానికి కొన్న మూడొందల రూపాయల జెర్సీ అయినా సరిపోతుంది, దీనికోసం వేలు పోయక్కర్లేదు. దీని లోపం వాసన, రెండో రోజుకి పక్కవాడు దూరం జరుగుతాడు. మెరినో ఉన్నికి ఆ బాధ తక్కువ, తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. ఇక జీన్స్. తడిస్తే కిలో పైన బరువు, మోకాలు ఎత్తాలంటే పట్టేస్తుంది, మూడు రోజులైనా ఆరదు. ప్రయాణానికి వేసుకున్న జీన్స్‌ని యుక్సోమ్‌లో హోటల్ గదిలోనే వదిలి వెళ్లడం మేలు. లోదుస్తులు, బనియన్ల దగ్గర కూడా ఇదే లెక్క, పైన డ్రైఫిట్ వేసి లోపల కాటన్ బనియన్ వేసుకుంటే పైదానికి పెట్టిన డబ్బు దండగే.

కాబట్టి బట్టలు సర్దేటప్పుడు ఎన్ని జతలు అని లెక్కపెట్టే ముందు వాటిని రెండు కుప్పలు చేయాలి. ఒకటి తడిసే కుప్ప: నడకలో వేసుకునేవి, రెండు టీషర్టులు, రెండు ట్రాక్ ప్యాంట్లు, అంతే. రెండోది తడవకూడని కుప్ప: ఒక థర్మల్ జత, మందమైన ఉన్ని సాక్సులు ఒక జత, ఒక ఫుల్ చేతుల టీషర్టు, టోపీ. ఈ రెండో కుప్పని మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి మెలితిప్పి కట్టాలి. క్యాంపులో టెంట్‌లోకి వెళ్లాకే ఆ కవర్ విప్పాలి. పొద్దున మళ్లీ ఆ చెమ్మ టీషర్టే వేసుకోవాలి. ఇదే కష్టం. ఉదయం ఆరింటికి, ఊపిరి పొగలా కనిపించే చలిలో, వెచ్చటి థర్మల్ విప్పి చల్లగా అంటుకునే టీషర్టులోకి దూరడానికి మనసు ఒప్పదు, ఈ ఒక్కరోజుకి థర్మల్ మీదే నడుద్దాం అనిపిస్తుంది. అలా నడిచిన రోజు సాయంత్రానికి రెండు కుప్పలూ తడిసే కుప్పలే అవుతాయి. నడక మొదలైన పది నిమిషాలకి ఆ చెమ్మ టీషర్టు ఒంటి వేడికి మామూలైపోతుంది, ఆ పది నిమిషాలు ఓర్చుకోవాలి.

పైన వేసుకునే పొరల విషయంలో ఒక మందపాటి జాకెట్ కంటే మూడు పలచటివి నయం అని ట్రెక్కింగ్ తెలిసినవాళ్లంతా చెప్పేదే. ఎక్కుతున్నప్పుడు విప్పుకోవచ్చు, ఆగినప్పుడు వేసుకోవచ్చు. లోపల డ్రైఫిట్, దానిపైన ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ స్వెట్టర్), ఆపైన గాలీ వానా ఆపే పొర. క్యాంపులో కూర్చోవడానికీ, చివరి రోజు తెల్లవారుజామున ఎక్కడానికీ ఒక దూది లాంటి మందమైన జాకెట్. ఇది ఈకలతో చేసిన డౌన్ జాకెట్ అయితే బరువు తక్కువ, పిడికెడంత అవుతుంది, వెచ్చదనం బాగా ఎక్కువ. కానీ తడిసిందో, ఈకలన్నీ ఉండలు కట్టి ఎందుకూ పనికిరాదు. సింథటిక్ నింపింది కాస్త బరువు, తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు. అక్టోబర్, నవంబర్‌లలో ఆకాశం తేటగా ఉన్నప్పుడు డౌన్ జాకెట్ మంచిదే. రోడోడెండ్రాన్ పూల కోసం ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లకి మధ్యాహ్నం వానలు తప్పవు కాబట్టి సింథటిక్‌దే మెరుగు. లెదర్ జాకెట్ సంగతి చెప్పక్కర్లేదు, అది సినిమా హీరోకి, అదీ షూటింగ్ అయ్యేదాకానే.

వానకి పాంచోనా రెయిన్ జాకెట్టా అన్న వాదన ఎప్పటికీ తెగదు. పాంచో బ్యాగుతో సహా మనిషిని కప్పుతుంది, కింద నుంచి గాలి ఆడుతుంది, అందుకని అడవిలో బావుంటుంది. జోంగ్రి పైన గాలి వీచే చోట మాత్రం అది గాలిపటంలా ఎగిరి మొహానికి చుట్టుకుంటుంది, ఎక్కడ అడుగు వేస్తున్నామో కనపడదు. రెండూ తీసుకెళ్లే బరువు వద్దనుకుంటే జాకెట్‌కే ఓటు, ఎందుకంటే వాన లేకపోయినా అది గాలిని ఆపుతుంది, పైన నాలుగు రోజులు ఎలాగూ వేసుకుంటాం. ఏ కంపెనీది కొన్నా ఒక విషయం తెలిసి ఉండాలి, గాలి ఆడుతుంది అని రాసి ఉన్న జాకెట్‌లో కూడా గట్టిగా ఎక్కుతుంటే లోపల చెమటకి తడుస్తాం. చంకల కింద జిప్ ఉన్నది దొరికితే అదే తీసుకోవాలి. బ్యాగు మీద తొడిగే రెయిన్ కవర్‌ని కూడా పూర్తిగా నమ్మకూడదు, వీపు వైపు నుంచి నీరు కారి అడుగున చేరుతుంది. బ్యాగు లోపల ఒక పెద్ద మందపాటి కవర్ పరిచి అందులోనే సామానంతా సర్దడం పాతికా యాభై రూపాయలతో అయ్యే పని, వేల రూపాయల బ్యాగు చేయలేని పని అది చేస్తుంది.

షూస్ గురించి కొత్తవి కొనుక్కుని నేరుగా ట్రెక్‌కి వెళ్లకూడదని అందరికీ తెలుసు, అయినా ఎయిర్‌పోర్టులో డబ్బా విప్పేవాళ్లు ఉంటారు. కనీసం మూడు నాలుగు వారాలు వేసుకుని తిరగాలి, మెట్లు ఎక్కి దిగాలి. అంతగా ఎవరూ చెప్పనిది పాత షూస్ సంగతి. నాలుగేళ్ల కిందట ఒక్క ట్రెక్‌కి వాడి, శుభ్రంగా తుడిచి, డబ్బాలో పెట్టి అటక మీద దాచిన ఖరీదైన షూస్ బయటికి కొత్తవాటిలా మెరుస్తుంటాయి. చాలా ట్రెక్కింగ్ షూస్‌లో అడుగు భాగంలో మెత్తదనం కోసం పాలీయురెథేన్ పొర ఉంటుంది, అది గాలిలోని తేమతో కలిసి లోలోపల క్రమంగా చివికిపోతుంది, వాడకుండా ఉంచినా చివుకుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, మన ఎండలకి, ఇంకా తొందరగా. ఇంట్లో నడిచినప్పుడు ఏమీ తెలియదు. రెండో రోజు తడి రాళ్ల మీద అడుగు వేస్తే సోల్ కుక్క నాలుకలా వేలాడుతుంది. బయల్దేరే ముందే షూని రెండు చేతులతో గట్టిగా వంచి, పక్కన బొటనవేలితో నొక్కి చూడాలి, పొడిలా రాలినా పగుళ్లు కనిపించినా ఇక దాన్ని వదిలేయడమే. ఎందుకైనా మంచిదని నీళ్ల సీసాకి నాలుగు చుట్లు గట్టి టేపు చుట్టి, రెండు మీటర్ల సన్న తాడు పెట్టుకుంటే, ఊడిన సోల్‌ని కట్టుకుని కిందికైనా రావొచ్చు. టెంట్ చిరిగినా, బ్యాగు పట్టీ తెగినా అదే టేపు, అదే తాడు. దిగుడు దారిలో కాలి వేళ్లు షూ ముందు భాగానికి గుద్దుకుంటాయి, గోళ్లు కత్తిరించుకోకుండా వెళ్లినవాళ్లకి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోవడం మామూలే.

జలగల గురించి మనవాళ్లకి భయం ఎక్కువ, నష్టం తక్కువ. వానాకాలంలోనూ, వాన పడిన మర్నాడూ కింది అడవిలో ఉంటాయి, పైన చలికి ఉండవు. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపి, మీద లీచ్ సాక్సులు తొడిగితే చాలు, పొట్టి నిక్కర్లతో ఆ అడవిలో తిరగడం మాత్రం వాటిని విందుకి పిలవడమే. పట్టుకుంటే అగ్గిపుల్లతో కాల్చడం లాంటి పనులు చేయకుండా గోటితో నోటి దగ్గర పక్కకి తోస్తే వదిలేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా అది ఒక పదార్థం వదులుతుంది కాబట్టి తర్వాత కాసేపు కారుతూనే ఉంటుంది, చూడటానికి ఘోరంగా ఉంటుంది గానీ టెన్షన్ పడక్కర్లేదు. గుడ్డలో చిన్న ఉప్పు మూట కట్టి కర్ర చివర తగిలించుకుంటే తాకించిన వెంటనే రాలిపోతుంది.

ఇక బరువు. తను మోసే బ్యాగు ఒంటి బరువులో అయిదో వంతు దాటకపోతే మంచిది, 65 కిలోల మనిషికి 13 కిలోలు, నిజానికి పది లోపు ఉంటేనే దారి చుట్టుపక్కల చూడబుద్ధి అవుతుంది. గోచాలా దారిలో పెద్ద బ్యాగుల్ని జో మీద వేస్తారు, జడల బర్రెకీ ఆవుకీ పుట్టిన జంతువు అది. మోసేది మనం కాదు కదా అని సామాను పెంచేయడం చాలామంది చేసే పని. అసలు చిక్కు వేరే చోట ఉంది. జో మీదికి ఎక్కిన బ్యాగు మళ్లీ సాయంత్రం క్యాంపులోనే కనిపిస్తుంది. మధ్యాహ్నం వాన మొదలైనప్పుడు రెయిన్ జాకెట్ ఆ బ్యాగులో ఉండిపోతే అది ఇంట్లో ఉన్నదానితో సమానం. వీపున ఉండే చిన్న బ్యాగులో వాన జాకెట్, ఫ్లీస్, రెండు లీటర్ల నీళ్లు, హెడ్‌టార్చ్, మందులు, తిండి ఎప్పుడూ ఉండాలి, ఎండ కాస్తున్నా సరే. ఎవరి సామాను వాళ్లే మోసుకునేటట్టయితే బరువైనవి వీపుకి ఆనుకుని మధ్యలో, తేలికైన స్లీపింగ్ బ్యాగు అడుగున, జాకెట్ అన్నిటికంటే పైన. నడుము బెల్టు తుంటి ఎముకల మీద బిగిస్తే బరువు భుజాల నుంచి కాళ్ల మీదికి దిగుతుంది, చాలామంది ఆ బెల్టుని ఊరికే వేలాడేసి రోజంతా మెడ నొప్పి అంటుంటారు.

చిన్న సామాన్లలో అశ్రద్ధ చేయకూడనివి రెండు, కళ్లద్దాలు, బ్యాటరీలు. ఎత్తు పెరిగే కొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకి పది శాతం పైగా పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది, అద్దాలు లేకపోతే కళ్లలో ఇసుక పోసినట్టు మండి రోజంతా తెరవలేరు. మంకీ క్యాపు మీద ఎందరు జోకులేసినా చెవులు, మెడ, గడ్డం అన్నీ ఒకేసారి కప్పే వస్తువు అంతకంటే చవకగా దొరకదు. చలికి ఫోను, పవర్ బ్యాంకు ఛార్జింగ్ గబగబా దిగిపోతుంది కాబట్టి రాత్రి వాటిని సాక్సులో చుట్టి స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకుని పడుకోవాలి. సిలిగురి దగ్గరి బాగ్‌డోగ్రా ఎయిర్‌పోర్టుకి విమానంలో వెళ్లేవాళ్లు పవర్ బ్యాంకుని చేతి బ్యాగులో, ట్రెక్కింగ్ కర్రల్ని చెకిన్ బ్యాగులో పెట్టాలి, తారుమారు చేస్తే సెక్యూరిటీ దగ్గర బ్యాగంతా మళ్లీ విప్పాల్సిందే. టర్కీ టవల్ బదులు పల్చటి మైక్రోఫైబర్ టవల్, అదీ చేతి రుమాలు కంటే కాస్త పెద్దది. పైన ఎవరూ స్నానం చేయరు.

తిండి విషయంలో మాత్రం మన వంటిల్లు ఏ ఎనర్జీ బార్‌కీ తీసిపోదు. సున్నుండలో మినుములు, బెల్లం, నెయ్యి ఉన్నాయి, రెండు తింటే గంట నడకకి సరిపడా బలం, పైగా పాడవదు. పల్లీ చిక్కీ, ఖర్జూరం కూడా అంతే. చలికి నెయ్యి గట్టిపడి సున్నుండ రాయిలా అవుతుంది, జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి మెత్తబడుతుంది. రోజూ వేడివేడి పప్పన్నం పెడతారు గానీ మన నోటికి చప్పగా ఉంటుంది, కందిపొడో కారప్పొడో చిన్న డబ్బా పట్టుకెళితే క్యాంపులో అందరూ చుట్టాలైపోతారు. ఆవకాయ సీసా మాత్రం వద్దు. ఎత్తు పెరిగే కొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, మూత ఏ కాస్త వదులుగా ఉన్నా లోపలి గాలి నూనెని బయటికి తోస్తుంది, ఆ నూనె నేరుగా వెళ్లి స్లీపింగ్ బ్యాగులో ఇంకుతుంది.

బరువు ఇంకా ఎక్కువనిపిస్తే ప్యాకింగ్ మీద పడాలి. బిస్కెట్ల అట్టపెట్టెలు, చాక్లెట్ల రేపర్లు, మందుల డబ్బాలు ఇంట్లోనే తీసేసి అన్నీ రెండు జిప్‌లాక్ కవర్లలో వేసుకుంటే దాదాపు అర కిలో తగ్గుతుంది, మందుల స్ట్రిప్పుల మీద పేర్లు, తేదీలు మాత్రం చింపకూడదు. యుక్సోమ్ చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ సామాను ఎంత ఉందో రాయించి, తిరిగొచ్చాక చూపించమనే పద్ధతి ఉంది, కాబట్టి తక్కువ తీసుకెళితే అక్కడ పని కూడా తొందరగా తెముల్తుంది. చెత్త వేసుకోవడానికి విడిగా ఒక కవర్ పెట్టుకోవాలి, ప్యాడ్స్ వాడేవాళ్లు వాటికోసం నల్ల కవర్ ఇంకొకటి, పైన పాతిపెట్టే వీలు లేదు, కిందికి తేవాల్సిందే. స్లీపింగ్ బ్యాగు, మందపాటి జాకెట్, కర్రలు కొనక్కర్లేదు, తీసుకెళ్లే సంస్థల దగ్గర అద్దెకి దొరుకుతాయి, జాకెట్ జిప్ మాత్రం అక్కడే రెండుసార్లు పైకీ కిందికీ లాగి చూసుకోవాలి. కొనాల్సినవి షూస్, సాక్సులు, వాన జాకెట్. బయల్దేరడానికి వారం ముందే అన్నీ సర్ది, బ్యాగు వీపున వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు అయిదు అంతస్తులు మూడుసార్లు ఎక్కి దిగితే రెండో స్వెట్టర్ దానంతట అదే బయటికొస్తుంది.